నాలుగో రాయి మీద సున్నం

ఇమాం సాహెబ్‌కి ఇంగ్లీషు చదవడం రాదు. అయినా నాలుగు ఇంగ్లీషు పేర్లు ఆయన వేళ్ళకి తెలుసు. కళ్ళు మూసుకుని రాయి మీద చూపుడువేలు ఆనించి, ఏ అక్షరం ఎక్కడ వంపు తిరుగుతుందో, ఏ గీత ఎక్కడ ఆగుతుందో చెప్పగలడు. ఆ పేర్లు పలకమంటే మాత్రం నవ్వేవాడు.

"చెక్కటం నా పని. పిలిచేది వాళ్ళమ్మల పని," అనేవాడు.

గురజాల దాటాక రైలు కట్ట పక్కన, మిరప చేల మధ్య, కంచె వేసిన అయిదు సెంట్ల స్థలం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడ ఒక తెల్లవాళ్ళ పటాలం కొన్నాళ్ళు గుడారాలేసుకుంది. విషజ్వరం తగిలి వాళ్ళలో నలుగురు చనిపోయారు. పటాలం వెళ్ళిపోయింది, ఆ నలుగురూ ఇక్కడే మిగిలారు. ఇలా పరాయి దేశాల మట్టిలో మిగిలిపోయిన సిపాయిల సమాధులు చూసుకోవడానికి సముద్రం అవతల ఒక సంస్థ ఉంది. దాని శాఖ ఒకటి చెన్నైలో ఉంది. మావాళ్ళు దాన్ని సమాధులాఫీసు అనేవాళ్ళు.

1989లో ఆ ఆఫీసు నుంచి ఒక తెల్లాయన జీపులో వచ్చాడు. పాత రాళ్ళు పగిలి, అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. కొత్తవి నిలబెట్టాలి. ఇక్కడ చేతికి దొరికేది నాపరాయి. దాని మీద పేరు చెక్కేవాడు ఎవరని అడిగితే అందరూ ఇమాం సాహెబ్‌నే చూపించారు. ఆయనకి అప్పుడు ఇరవై ఆరేళ్ళు. బడి పునాదిరాళ్ళు, గుడిలో దాతల పేర్లు, మసీదు పలకలు, శ్మశానంలో శిలువ రాళ్ళు, అన్నీ ఆయన చేతి మీదే అయ్యేవి. తెల్లాయన ఇచ్చిన కాగితంలోని పేర్లను బొమ్మల్లా చూసి, రాయి మీద ఎర్రమట్టితో గీసుకుని, నెలన్నరలో నాలుగు రాళ్ళూ చెక్కి నిలబెట్టాడు.

నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఉలిని నిలువుగా పట్టి కొడితే పొర లేస్తుంది. ఏటవాలుగా పట్టి, లోతు తక్కువగా, ఓపికగా తీయాలి. తెల్లాయన మోకాళ్ళ మీద కూర్చుని, కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూశాడట. ఒక్క తప్పు దొరకలేదు. లేచి ప్యాంటు దులుపుకుని, గేటు తాళంచెవి ఇమాం సాహెబ్ చేతిలో పెట్టాడు. ఇక నువ్వే చూసుకోవాలని వెంట వచ్చిన మనిషి చేత చెప్పించాడు.

ఆ తాళంచెవి ముప్పై అయిదేళ్ళు ఇమాం సాహెబ్ చొక్కా లోపలి జేబులో ఉంది.

ఆఫీసు వాళ్ళు పంపిన నియమాలను మా శేషగిరిరావు మేష్టారు తెలుగులో రాసిచ్చారు. గడ్డి రెండంగుళాలు మించి పెరగకూడదు. రాళ్ళను నీళ్ళతో, మెత్తటి బ్రష్షుతో తప్ప ముట్టుకోకూడదు. సున్నం, రంగు, సిమెంటు, ఆసిడ్ ఏవీ తగలకూడదు. చూడొచ్చినవాళ్ళ చేత రిజిస్టర్లో సంతకం పెట్టించాలి. మూడు నెలలకోసారి పేరు చదవగలిగేలా ఒక్కో రాయినీ ఫొటో తీసి పంపాలి. ఈమధ్య ఏళ్ళలో ఫొటోలు నా ఫోన్లో తీసేవాళ్ళం. గురజాలలో నాది వెల్డింగ్ షెడ్డు. ఆ కంచెకి పాత గేటు తీసేసి ఇప్పుడున్న గేటు చేసింది నేనే. గేటు కొలతకి వెళ్ళిన రోజు నుంచి ఆయన నాకు పిలుపు వరసకి మామ.

మా షెడ్డు ముందు కూర్చునే వాళ్ళు ఆయన్ని ఆటపట్టించేవాళ్ళు.

"ఏంది సాయిబు మామా, తెల్లోళ్ళ గోరీలకి కాపలా దేనికి? లేచిపోతారనా?"

"లేచిపోతే రిజిస్టర్లో సంతకం తీసుకోవాలగా," అనేవాడు ఆయన.

జీతం అంత చెప్పుకోదగింది కాదు. మొదట్లో మనియార్డరు వచ్చేది, తర్వాత బ్యాంకులో పడేది. కొన్ని నెలలు ఆలస్యమయ్యేది. ఆయన గడ్డి కొయ్యడం మాత్రం ఒక్కసారీ ఆలస్యం కాలేదు.

ఆయన భార్య హజ్రా బీ మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెచ్చి, ఆయన తినేదాకా నాలుగో రాయి దగ్గర కూర్చునేది. ఆ రాయి కింది సిపాయికి పంతొమ్మిదేళ్ళని ఆమెకి ఎవరో చదివి చెప్పారు. అప్పటి నుంచి వాణ్ణి బుడ్డోడు అనేది. మిగతా ముగ్గురూ ఆమెకి పెద్దవాళ్ళు. వాళ్ళ ముందు కొంగు సవరించుకుని వచ్చేది. బుడ్డోడి ముందు మాత్రం ఇంట్లో పిల్లాడి ముందు కూర్చున్నట్టే కూర్చుని వక్క కత్తిరించుకునేది.

పోయినవాళ్ళని తలుచుకునే షబే బరాత్ పండగ ముందు ఏటా ఆమె తన అమ్మానాన్నల గోరీలకీ, అత్తమామల గోరీలకీ సున్నం కొట్టేది. మా దగ్గర సాయిబుల ఇళ్ళలో అది తప్పని పని. మిగిలిన సున్నం బకెట్టులో పట్టుకుని ఈ గేటు దగ్గరికి వచ్చి నిలబడేది.

"పండగ పూట పిల్లోణ్ణి అట్టా మాసిన రాయి కింద పడుకోబెడతావా? ఒక పూతేసి పోతానయ్యా."

"రూలు లేదే."

"చచ్చినోడికి రూలేంది?"

"ఇది వాళ్ళ పండగ కాదు. బకెట్టు తీసుకుని ఇంటికి పో."

ముప్పై అయిదేళ్ళు ఏటా ఈ మాటలే. ఆమె అడగడం మానలేదు, ఆయన ఒప్పుకోలేదు. ఎందుకు వద్దో మాత్రం ఆయన వివరంగా చెప్పలేదు. మాట్లాడి ఒప్పించడం ఆయనకి చేతకాదు.

పోయినేడు జనవరిలో చెన్నై నుంచి ఉత్తరం వచ్చింది. మేష్టారు ఇప్పుడు లేరు కాబట్టి నేనే చదివాను. సంస్థకి నిధులు తగ్గుతున్నాయి. రెండు, నాలుగు సమాధులున్న మారుమూల చోట్లన్నీ మళ్ళీ తనిఖీ చేస్తారు. రాళ్ళు బాగుండి పేర్లు చదవడానికి వీలున్న చోట్లు ఉంచుతారు. లేని చోట్ల రాళ్ళు తీసేస్తారు. ఆ సిపాయిల పేర్లు చెన్నైలో ఒక గోడ మీద రాయిస్తారు. మన దగ్గరికి ఫిబ్రవరి ఇరవై నాలుగున దీపిక అనే ఆమె వస్తుంది.

"మనయి బాగానే ఉన్నయ్‌గా," అన్నాడు ఇమాం సాహెబ్. ఉత్తరం మడుస్తూ, "గోడ మీద పేరుంటే మనిషెక్కడున్నాడో ఎట్టా తెలుస్తదిరా?" అన్నాడు.

అప్పటికే ఆయనకి ఎడమ కంట్లో శుక్లం ముదిరింది. తనిఖీ ముందే కన్ను బాగు చేయించుకోవాలని ఫిబ్రవరి మొదటి వారంలో నరసరావుపేట వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నాడు. అక్కడే కూతురు తస్లీమ్ ఇంట్లో పది రోజులున్నాడు. నెల రోజులు దుమ్ములోకి పోవద్దని, వంగి పని చెయ్యొద్దని డాక్టరు చెప్పాడు. తాళంచెవి ఉన్న చొక్కా ఇంట్లో వంకీకి వేలాడుతూ ఉంది.

ఆయన తిరిగొచ్చిన రోజు ఆటో ఇంటికి పోలేదు. హజ్రా బీ రోడ్డు మీద ఎదురొచ్చి ఆటో ఎక్కి, ముందు గోరీల దగ్గరికి పోనియ్యమంది. నేను అప్పుడు గేటు కమ్మీకి అతుకు పెడుతున్నాను. ఆమె చేసిన పని అప్పటికి గంట ముందే చూశాను. ఏం చెయ్యాలో తోచక కూర్చున్నాను.

నాలుగు రాళ్ళూ తెల్లగా ఉన్నాయి. అక్షరాలు లేవు. నాలుగో రాయి మరీ తెల్లగా, అంచులు కూడా కనపడకుండా, పిండిలో ముంచి తీసినట్టు ఉంది.

ఇమాం సాహెబ్ నల్లద్దాలు తీయకుండానే చూశాడు.

"కన్ను బాగై వస్తే నలుగురికీ సున్నం కొడతానని మొక్కుకున్నా," అంది హజ్రా బీ. "బుడ్డోడికి రెండు పూతలేశా. ఎట్టుంది?"

ఆయన నాలుగో రాయి దాకా నడిచాడు. కోప్పడతాడనుకున్నాను.

"బాగుందే," అన్నాడు. తర్వాత, ఏదో మామూలు మాటలాగా, "జిగురు కలిపావా?" అని అడిగాడు.

"తుమ్మ జిగురు కోసం కొట్లన్నీ తిరిగా. దొరకలా. వచ్చే ఏడు కలుపుతాలే."

ఆయన తల ఊపాడు. ఆమె ఆటోలో కూర్చున్నాక నా దగ్గరికొచ్చి, "తనిఖీకి ఎన్ని రోజులుందిరా?" అన్నాడు.

"తొమ్మిది."

"ఆమెకి చెప్పబాకు."

మర్నాడు పొద్దున నేను బండి మీద ఆయన్ని తీసుకెళ్ళాను. షెడ్డులో కూర్చుని కాలక్షేపం చేస్తానని ఇంట్లో చెప్పాడు. హజ్రా బీ మందు సీసా నా చేతికిచ్చింది.

"ఒరేయ్ అల్లుడూ, మూడు సార్లు చుక్కలెయ్యి. దుమ్ములోకి పోనీబాక."

"అట్టాగే అత్తా," అన్నాను.

దారిలో గ్రానైటు షాపు రాజేష్ ఆపాడు. రాళ్ళ మీద మిషనుతో బొమ్మలు, పేర్లు వేస్తాడు. సంగతి అప్పటికే విన్నాడు.

"దానికింత అవస్థ దేనికి మామా? బాత్రూం ఆసిడ్ సీసాడు పొయ్యి. రెండు నిమిషాల్లో సున్నమంతా నురగై పోద్ది."

"రాయేమవుద్ది?"

"ఏమవుద్ది, శుభ్రపడుద్ది."

"అదీ సున్నపు రాయేరా. సున్నాన్ని తినేది రాయిని వదులుద్దా? నా అక్షరాలు గూడా నురగై పోతయ్."

"అయితే నా మిషను మీద కొత్తవి కొట్టిస్తా. సాయంత్రానికి నాలుగూ రెడీ."

"నీ మిషనుకి పేరు తెలుసా, లోతు తెలుసా? పోనియ్యరా బండి," అన్నాడు నాతో.

రాయి చదునుగా ఉన్న చోట సున్నం తడిపి బ్రష్షుతో తుడిస్తే పోయింది. అక్షరాల గుంటల్లో మాత్రం గట్టిగా కూర్చుంది. ఆయన వెదురు పుల్లలు కోసి, మొనలు నమిలి మెత్తగా చేశాడు. అద్దాల మీద తడి తువ్వాలు కట్టాడు. కళ్ళు మూసుకుని, ఎడమచేతి వేలితో అక్షరం అంచు వెతుక్కుంటూ, కుడిచేత్తో పుల్ల ఆడించాడు. పొడి రాలితే నేను నీళ్ళు చల్లేవాణ్ణి. ఆయన ఒక అక్షరం పూర్తి చేసి, వేలు దాని మీద ఒకసారి తిప్పి, పక్కదానికి పోయేవాడు. పొద్దున రెండు గంటలు, ఎండ తగ్గాక రెండు గంటలు. రెండు రోజులకి ఒక రాయి లెక్కన, ఆరు రోజులకి మూడు రాళ్ళు తేలాయి.

నాలుగోది మొదలుపెట్టే ముందు ఆయన వేలి కణుపుతో రాయిని తట్టాడు. ప్రతి రాయినీ అట్లాగే తట్టి మొదలుపెట్టాడు. మూడింటిదీ గట్టి చప్పుడు. దీని కింది భాగంలో, తేదీ దగ్గర, అదే చప్పుడు. పేరు దగ్గరికి వచ్చేసరికి డొల్లగా మోగింది. మళ్ళీ తట్టాడు. నన్నూ తట్టమన్నాడు. చెవి పెట్టి విన్నాను. కుండని తట్టినట్టుంది.

"పేరున్న పొర వెనకనుంచి వదిలింది," అన్నాడు. "ఎన్నాళ్ళైందో. ముట్టుకోకపోతే ఇంకో ఇరవై ఏళ్ళు నిలబడుద్ది. పుల్ల పెట్టి గీకితే పేరు మొత్తం ఊడి చేతిలోకొస్తది."

కింది భాగం శుభ్రం చేశాడు. తేదీ, వయసు, పటాలం గుర్తు తేలాయి. పేరు మీద సున్నం అట్లాగే ఉంచాడు.

దీపిక చెప్పిన రోజుకే వచ్చింది. ముప్పై ఏళ్ళలోపు పిల్ల, నెల్లూరు వైపు మనిషి. ఎండలో నడిచొచ్చి, నీళ్ళు కూడా తాగకుండా పని మొదలుపెట్టింది. గడ్డి కొలిచింది. మొదటి మూడు రాళ్ళ మీద చేయి పెట్టి, అక్షరాల అంచులు చూసి, "ఇవి చెక్కింది మీరేనా?" అని అడిగింది. అవునంటే తలెత్తి ఆయన్ని ఇంకోసారి చూసింది. నాలుగో రాయి దగ్గర ఆగింది.

"సున్నం ఎవరు కొట్టారు?"

"నేనేనమ్మా."

"ముప్పై అయిదేళ్ళు కొట్టనివాళ్ళు ఇప్పుడెందుకు కొట్టారు ఇమాం గారూ?"

"ముసలితనం. కళ్ళు కనపళ్ళా."

ఆమె నన్ను చూసింది. నేను గేటు వైపు చూశాను.

"తల్లీ, ఒక్క వానాకాలం ఆగు," అన్నాడు ఇమాం సాహెబ్. "జిగురు కలపని సున్నం ఇది. నాలుగు మంచి వానలు పడితే దానంతటదే కారిపోద్ది. రాయి ముట్టుకునే పని లేదు. ఇప్పుడే కావాలంటే మాత్రం పేరు పోద్ది."

ఆమె కూడా రాయిని తట్టి చూసింది. ఆ చప్పుడు ఆమెకీ తెలిసింది.

"నాకు అర్థమైంది. కానీ ఈ ఫారంలో పేరు చదవగలమా అని ఒకటే ప్రశ్న ఉంది. అవును, కాదు. వానలు పడ్డాక చదవగలం అని రాసే చోటు లేదు. నెలాఖరుకి పంపాలి."

"అయితే కాదనే రాయమ్మా," అన్నాడు ఆయన.

"మిగతాది కింద రాస్తాను. ఎవరైనా చదువుతారేమో," అంది. ఫొటో తీసేటప్పుడు రెండు మూడు వైపుల నుంచి ప్రయత్నించింది. ఏ వైపు నుంచి చూసినా అది తెల్లగానే ఉంది.

మార్చిలో ఆయన కంటికి ఎర్రజీర వచ్చింది. దుమ్ము పడిందని డాక్టరు తిట్టాడు. ఎరుపు తగ్గింది గానీ ఆ కంట్లో పొగమంచులాంటిది ఒకటి ఉండిపోయింది. హజ్రా బీ అడిగితే చూపు బాగుందనే చెప్పేవాడు. మొక్కు ఊరికే పోలేదని ఆమె అందరికీ చెప్పుకునేది.

జూన్‌లో వాన మొహం చాటేసింది. జూలైలో రెండు పెద్ద వానలు పడ్డాయి. వాన వెలిసిన ప్రతిసారీ ఆయన గొడుగు కర్రలా పొడుచుకుంటూ పోయి నాలుగో రాయిని చూసొచ్చేవాడు. చేత్తో ముట్టుకునేవాడు కాదు. మొదట పేరు చివర్న ఒక గీత నల్లగా బయటపడింది. తర్వాత రెండు అక్షరాలు. ఆగస్టు పదిహేను దాటాక మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు నన్ను పిలిచాడు. పేరు మొత్తం తేలింది. నిన్న చెక్కినట్టు ఉంది. సున్నం చుక్క కూడా గుంటల్లో లేదు.

ఫొటో తీసి దీపికకి పంపాను. ఆమె గొంతు రికార్డు చేసి పంపింది.

"చూశానండీ. చాలా చక్కగా వచ్చింది. ఆయన చెప్పినట్టే అయింది. కానీ లిస్టు ఏప్రిల్‌లోనే పైకి వెళ్ళిపోయింది. ఒక్క రాయి వల్లే కాదని ఇమాం గారికి చెప్పండి. ఇలాంటి చిన్న చోట్లన్నిటికీ డబ్బు కష్టంగా ఉంది."

ఆయన దాన్ని రెండుసార్లు విన్నాడు.

"ఒక్క రాయి వల్లే కాదంటే, దాని వల్ల గూడా అనేగా?"

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

ఉత్తరం సెప్టెంబరులో వచ్చింది. అందులో సున్నం మాట లేదు, నిధుల మాటా లేదు. ఇక్కడ సంరక్షణ కొనసాగించడం సాధ్యం కాదని, నలుగురి పేర్లూ గోడ మీదికి మారుస్తామని ఉంది. రాళ్ళు వేరే వాడకానికి పోకుండా, అక్షరాలు చదవడానికి వీల్లేనంత చిన్న ముక్కలుగా పగలగొట్టి, అక్కడే పూడ్చి, ఫొటో పంపాలని ఉంది. కంట్రాక్టరు వచ్చి చేస్తాడు.

"రూలు సరైందే," అన్నాడు ఆయన. మా దగ్గర నాపరాయి ఊరికే పడి ఉండదు. అరుగుకో, గడపకో, బట్టలుతికే బండకో పోతుంది. "వాడి పేరు మీద ఎవరో బట్టలు బాదుతారు. కంట్రాక్టరు వద్దని చెప్పు. నేనే చేస్తా."

నా సమ్మెట తీసుకుపోయాం. మొదటి మూడు రాళ్ళనీ పడుకోబెట్టి, పొర వెంబడి ఉలి దించి చీల్చి, ముక్కలు చేశాడు. అరవై రెండేళ్ళ మనిషి. ఎక్కడా ఆగలేదు. ముక్కల్లో రెండక్షరాలు కలిసి ఉన్నది కనపడితే దాన్ని మళ్ళీ కొట్టేవాడు. నన్ను సమ్మెట పట్టనివ్వలేదు.

నాలుగో రాయిని వంచగానే పేరున్న పొర దానంతటదే వదిలి ఆయన రెండు చేతుల్లోకి వచ్చింది. అప్పడంలా పల్చగా, ఒక్క పగులు లేకుండా. పేరు మొత్తం అందులో ఉంది. ఆయన దాన్ని పట్టుకుని కూర్చున్నాడు.

"మామా, దీన్ని ఇంటికి తీసుకుపోదాం. ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

ఆయన వేలు మొదటి అక్షరం మీద పెట్టి చివరిదాకా నడిపించాడు. తర్వాత దాన్ని మట్టి మీద బోర్లా పెట్టి, సుత్తితో కొట్టాడు. చిన్న సుత్తి చాలింది.

"ఒప్పుకున్న పనిరా," అన్నాడు.

ముక్కలు ఏ రాయివి ఆ గుంతలోనే వేశాడు, కలవనివ్వలేదు. పైన మట్టి దిబ్బలుగా పోసి, చుట్టూ ఇటుకలు పేర్చాడు. ఫొటో పంపాను. తాళంచెవి దీపిక చెప్పిన అడ్రసుకి కొరియర్ చేశాను. ఇంట్లో హజ్రా బీ ఎందుకు తీసేశారని అడిగితే, "డబ్బుల్లేవంట," అని ఒక్క మాట చెప్పాడు. ఆమె ఇప్పటికీ అదే అనుకుంటోంది. నేనూ ఇంకోటి చెప్పను.

గేటుకి ఇప్పుడు తాళం లేదు. గడ్డి మోకాలెత్తు పెరిగితే ఆయనే కొడవలి పట్టుకుని పోతాడు. ఇప్పుడు దానికి జీతం లేదు. రిజిస్టరు నా షెడ్డులో ఉంది.

ఈ ఏడు షబే బరాత్ ముందు రోజు మధ్యాహ్నం హజ్రా బీ బకెట్టుతో వచ్చింది. గేటు దగ్గర ఆగి, అలవాటుగా ఆయన వైపు చూసింది. ఆయన వద్దనలేదు. ఆమె లోపలికి పోయి నాలుగు మట్టి దిబ్బల మధ్య నిలబడింది.

"బుడ్డోడిది ఏదయ్యా వీటిల్లో?"

ఆయన చెయ్యెత్తి చివరిది చూపించాడు. ఆమె కూర్చుని, దిబ్బ చుట్టూ ఉన్న ఇటుకలకి సున్నం పుయ్యడం మొదలుపెట్టింది. రెండు పూతలు వేసింది. ఈసారి జిగురు కలిపింది.